ఇంటర్వ్యూ అయ్యాక నువ్వు బస్సెక్కుతావు, వాళ్లు అక్కడే ఉంటారు

ప్రశ్న: అక్కా, మాది కనిగిరి పక్కన ఒక పల్లె. నెల్లూరులో సోషల్ వర్క్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. వికలాంగుల హాస్టళ్లలో, ఆశ్రమాల్లో, మానసిక రోగుల హోముల్లో ఏళ్ల తరబడి గడిపినవాళ్ల అనుభవాలను వాళ్ల మాటల్లోనే రాయాలన్నది నా టాపిక్. ఒక హోమ్ మేనేజరు గారిని అడిగితే "బాగా మాట్లాడే పదిమందిని నేనే ఎంచి కూర్చోబెడతా, నేనూ పక్కనే ఉంటా" అన్నారు. మా గైడు గారేమో యాభై మంది చేత ప్రశ్నావళి నింపించి సంతకాలు తీసుకుంటే చాలంటున్నారు. మా బాబాయికి చిన్నప్పటి నుంచి వినపడదు, పదేళ్లు ఒక హాస్టల్లో ఉన్నాడు, ఆ రోజుల గురించి అడిగితే లేచి వెళ్లిపోతాడు. మాట్లాడినవాళ్లకు డబ్బులివ్వొచ్చా? అసలు ఎక్కడ మొదలుపెట్టాలి? చాలా టెన్షన్‌గా ఉంది. (పేరు వేయకండి)

జవాబు:

అమ్మా, ముందు ఆ మేనేజరు గారికి ఫోన్ చేసి "ఇప్పట్లో రావడం లేదండీ, అవసరమైతే మళ్లీ అడుగుతాను" అని మర్యాదగా చెప్పేసెయ్. ఆయన చెడ్డవాడని నేననడం లేదు. కానీ ఆయన ఎంచిన పదిమందిని ఆయన కుర్చీ పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన తెప్పించిన టీ తాగుతూ నువ్వు రాసుకొచ్చేది ఆ హోమ్ గురించి ఆయన చెప్పుకోవాలనుకునే మాటే అవుతుంది. దానికి అంత దూరం పోవడం ఎందుకు, గేటు పక్కన బోర్డు మీద రాసే ఉంటుంది కదా.

నాకు రెండో ఏట పోలియో వచ్చింది, బడి వయసంతా ఒక హాస్టల్లోనే గడిచింది (ఏ హాస్టలో, ఎవరు నడిపారో ఇక్కడ అనవసరం). అక్కడికీ ప్రశ్నలడిగేవాళ్లు వస్తుండేవాళ్లు. వాళ్లొచ్చే రోజు పొద్దున్నే బీరువాలోంచి ఉతికిన గౌన్లు బయటికొచ్చేవి, మధ్యాహ్నం అన్నంలో కోడిగుడ్డు పడేది. "తిండి బాగుంటుందా పాపా?" అని అడిగితే మేం ఒకసారి వార్డెనమ్మ మొహం చూసి "బాగుంటుంది మేడం" అని అందరం ఒకే గొంతుతో చెప్పేవాళ్లం. పూర్తిగా అబద్ధం కూడా కాదది, ఆ రోజు నిజంగానే బాగుండేది. వాళ్లు బిస్కెట్లు పంచి జీపెక్కేవాళ్లు. మాలో ఎవరైనా ఒక మాట ఎక్కువ మాట్లాడి ఉంటే దాని లెక్క సాయంత్రం తేలేది.

అందుకే నేను చెప్పేదంతా ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది, విసుక్కోకు. ఇంటర్వ్యూ అయిపోగానే నువ్వు ఫోన్ బ్యాగులో పెట్టుకుని బస్సెక్కుతావు. మాట్లాడిన మనిషి ఆ రాత్రి అక్కడే పడుకోవాలి, అదే ఆయా చేతి అన్నం తినాలి, బాత్రూముకి తీసుకెళ్లమని అదే మనిషిని అడగాలి. కాబట్టి ఎవరిని అడగాలి, ఎక్కడ అడగాలి, ఏం రాయాలి అనే ప్రతిచోటా నువ్వు చూసుకోవాల్సింది ఒకటే: ఈ మాట చెప్పినందుకు దెబ్బ ఎవరికి తగులుతుంది? నీకైతే పరవాలేదు. వాళ్లకైతే ఆగిపో.

అలా చూస్తే ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్నకు జవాబు దానంతటదే వచ్చేస్తుంది. లోపల ఉన్నవాళ్లతో కాదు, బయటికొచ్చేసినవాళ్లతో మొదలుపెట్టు. వాళ్ల భోజనం, మంచం, మందులు ఇప్పుడు ఏ వార్డెన్ చేతిలోనూ లేవు. పైగా కొన్నేళ్లు బయట బతికాక లోపలి జీవితం వాళ్లకే కొత్తగా కనిపిస్తుంది. తలుపు వేసుకుని స్నానం చేయడం మామూలు విషయమని నాకు హాస్టలు వదిలాకే తెలిసింది, లోపలున్నప్పుడు అడిగుంటే అదొక లోటని చెప్పాలని కూడా నాకు తోచేది కాదు.

వాళ్లు ఎక్కడ దొరుకుతారంటావా, మన చుట్టూనే ఉన్నారు. జిరాక్స్ షాపులో, టైలరింగ్ మిషన్ దగ్గర, సంగీతం టీచర్లుగా, బ్యాంకుల్లో, రైల్లో పల్లీలు అమ్ముతూ. సోమవారం గ్రీవెన్స్‌కి ఒంగోలు కలెక్టరేట్ దగ్గర అర్జీ పట్టుకుని వరండాలో కూర్చున్నవాళ్లను చూడు. డిసెంబరు 3న వికలాంగుల దినం సభల్లో వేదిక మీదవాళ్లను వదిలేసి వెనక వరసల్లో కూర్చో. నెల్లూరులో కేంద్ర ప్రభుత్వం పెట్టిన సీఆర్‌సీ (వికలాంగుల పునరావాస కేంద్రం) ఉంది, అక్కడికి ట్రైసైకిల్ కోసమో థెరపీ కోసమో వచ్చేవాళ్లుంటారు, మండలాల్లో వికలాంగ పిల్లల కోసం నడిపే భవిత కేంద్రాలకు పిల్లల్ని తెచ్చే తల్లులుంటారు. ఎక్కడికెళ్లినా మొదటి రోజు నోట్‌బుక్ తీయకు. ఒక మనిషి పరిచయమై, నిన్ను నమ్మి, తన హాస్టల్ స్నేహితురాలికి తనే ఫోన్ చేసి "ఈ అమ్మాయి పరవాలేదు, మాట్లాడు" అని చెప్తే ఆ ఒక్క ఫోను ఏ అనుమతి పత్రం కన్నా ఎక్కువ.

అలాగని లోపలున్నవాళ్లను శాశ్వతంగా వదిలేయమని కాదు. బయటికి రాగలిగినవాళ్లనే అడిగితే చదువుకున్నవాళ్ల, మాటకారుల కథే మిగులుతుంది, ఇల్లూ వాకిలీ లేక లోపలే ముసలైపోతున్నవాళ్లు మళ్లీ లెక్కలోకి రారు. బయటివాళ్లతో మాట్లాడి, ఆ చోట్ల పద్ధతి కొంత అర్థమయ్యాక లోపలికి వెళ్లు. వెళ్లేటప్పుడు మూడు షరతులు పెట్టు: ఎవరితో మాట్లాడాలో నువ్వూ వాళ్లూ కలిసి అనుకోవాలి, మాట వినపడేంత దూరంలో సిబ్బంది ఉండకూడదు, నువ్వు మళ్లీ మళ్లీ వస్తావు. మూడోది చాలామంది పట్టించుకోరు కానీ అదే ముఖ్యం, వచ్చే వారం కూడా బయటి మనిషి వస్తుందని తెలిసిన చోట చెయ్యెత్తే ముందు కాస్త ఆలోచిస్తారు. ఈ మూడింటికీ ఒప్పుకోని చోటికి వెళ్లొద్దు. ఎందుకు వెళ్లలేకపోయావో థీసిస్‌లో రాసుకో, అదీ సమాచారమే. ఆ హోమ్‌కి రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా కనుక్కో, 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ప్రైవేటు వికలాంగుల సంస్థ నడపకూడదు.

ఇక చట్టం మాటెత్తాను కాబట్టి మీ గైడు గారికి చూపించాల్సిన కాగితం ఒకటి చెప్తా. అదే చట్టం 6వ సెక్షన్ రెండో భాగం తీసి చూడు. వికలాంగుల మీద ఏ పరిశోధన చేయాలన్నా రెండు ఉండాలంటుంది. ఒకటి, ఆ మనిషికి అర్థమయ్యే పద్ధతిలో చెప్పి, వాళ్లు స్వేచ్ఛగా ఇచ్చిన అంగీకారం. రెండు, ప్రభుత్వం వేసే వికలాంగుల పరిశోధనా కమిటీ ముందస్తు అనుమతి, ఆ కమిటీలో సగానికి తగ్గకుండా వికలాంగులో వాళ్ల రిజిస్టర్డ్ సంఘాలవాళ్లో ఉండాలి. దీన్ని పట్టించుకునే యూనివర్సిటీ నాకైతే తగల్లేదు. నువ్వు మాత్రం మన రాష్ట్రంలో ఆ కమిటీకి ఎలా దరఖాస్తు చేయాలో చెప్పమని విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ డైరెక్టరు ఆఫీసుకు ఒక ఉత్తరం రాసి, రసీదు దాచుకో. జవాబు రాకపోయినా ఆ ఉత్తరం నీ ఫైల్లో ఉండాలి. మానసిక రోగుల విషయంలో 2017 మానసిక ఆరోగ్య చట్టం 99వ సెక్షన్ ఉంది, వట్టి ఇంటర్వ్యూ చేసినా సరే అంగీకారం తీసుకోవాలని, ఇచ్చిన అంగీకారాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని అందులో స్పష్టంగా ఉంది. వీటన్నిటికీ పైన యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ ఎటూ ఉంటుంది. ఎక్కడా "హోమ్ మేనేజరు ఒప్పుకుంటే చాలు" అని లేదు చూడు. ఆయన ఇచ్చేది గేటు లోపలికి రావడానికి అనుమతి మాత్రమే.

"వాళ్లకేం తెలుస్తుందమ్మా, అడిగినా చెప్పలేరు" అనే మాట నువ్వు చాలా చోట్ల వింటావు. 1994లో మహారాష్ట్రలో శిరూర్ ప్రభుత్వ హోమ్‌లో ఉన్న మానసిక వికలాంగ అమ్మాయిలకు నెలసరి శుభ్రత కష్టమవుతోందని చెప్పి పుణెలో గర్భసంచులు తీసేశారు. పెద్దవాళ్లు, డాక్టర్లు కూర్చుని వాళ్ల మంచికేనని తేల్చేశారు. అలాంటిదే ఇంకో సందర్భంలో వేరేగా జరిగింది. 2009లో చండీగఢ్ ప్రభుత్వ ఆశ్రయంలో ఉన్న, బుద్ధిమాంద్యం ఉన్న ఒక యువతి అక్కడే అత్యాచారానికి గురై గర్భవతి అయింది. గర్భం తీయించాలని అధికారులు, హైకోర్టు కూడా సరేనన్నారు. ఆమె మాత్రం బిడ్డ కావాలంది. ఆ మాట సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, ఆమె ఇష్టానికి విరుద్ధంగా చేయకూడదని కోర్టు చెప్పింది. ఆమెకూ "ఏం తెలుస్తుంది" అన్నవాళ్లే చుట్టూ. ఎవరో ఒకరు అడిగి, విన్నారు కాబట్టే అది కోర్టు కాగితాల్లోకి ఎక్కింది.

అడిగే పద్ధతి మాత్రం మనిషిని బట్టి మారాలి. చూపు లేనివాళ్లకు అంగీకార పత్రాన్ని నువ్వు గబగబా చదివేసి వేలిముద్ర వేయించుకోవడం కాదు, దాన్ని ఆడియోగా రికార్డు చేసి ముందు రోజే ఇవ్వు, వాళ్లు నమ్మే మనిషితో కలిసి వింటారు. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లకు చిన్న చిన్న వాక్యాలు, బొమ్మలు పెట్టుకో, "చాలు" అని చెప్పడానికి చేతిలో ఒక ఎర్ర కార్డు ఇవ్వు, అది ఎత్తితే వాక్యం మధ్యలో ఉన్నా ఆపెయ్. మాటలు రానివాళ్లకు హాస్టల్ పటం గీయడం బాగా పనిచేస్తుంది. మంచం ఎక్కడ, తాళం వేసే గది ఎక్కడ, ఏ మూలకి వెళ్లడానికి ఇష్టపడేవాళ్లు కాదు. ఆ మూల దగ్గర పెన్సిల్ ఆగిపోతే అదే నీ జవాబు, ఎందుకని గుచ్చి గుచ్చి అడగనక్కర్లేదు.

బధిరుల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. సంజ్ఞల భాష తెలిసిన దుబాసీని డబ్బిచ్చి పెట్టుకో, ఇంట్లోవాళ్లను మధ్యలో పెట్టకు, తల్లి ముందు చెప్పుకోలేనివి చాలా ఉంటాయి. హాస్టల్ టీచర్ని అసలే పిలవొద్దు. ఇంకొకటుంది. మిగతావాళ్ల గొంతు రికార్డు చేసుకుంటే మొహం బయటపడదు, చేతులతో మాట్లాడేవాళ్లను మాత్రం వీడియో తీయాలి, మొహం కనిపించకపోతే ఆ మాటల్లో సగం పోతుంది. కాబట్టి వీడియోని దుబాసీతో కలిసి వెంటనే రాతలో పెట్టించి, ఆ రాత వాళ్లకు చూపించి, వీడియో చెరిపేస్తానని ముందే మాటివ్వు. మాటిచ్చాక నిజంగా చెరిపెయ్, గూగుల్ ఫొటోల్లోకి దానంతటదే ఎక్కి ఉంటుంది, అక్కడ కూడా చూడు.

ఇప్పుడు మన జిల్లాల్లో ఎవరూ పుస్తకాల్లో చెప్పని చిక్కు ఒకటి. నువ్వు ఫైలు పట్టుకుని గడపలోకి అడుగుపెట్టగానే "మళ్లీ చెకింగా అమ్మా?" అంటారు. 2024 జులై నుంచి వికలాంగుల పింఛను మూడు వేల నుంచి ఆరు వేలైంది, మంచానికే పరిమితమైనవాళ్లకు పదిహేను వేలు. 2025లో సదరం సర్టిఫికెట్లను (వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు రాసిచ్చేవి) మళ్లీ పరిశీలించి చాలామందికి నోటీసులిచ్చారు. ఆ భయం ఇంకా పోలేదు. "వంట నేనే చేసుకుంటా, కర్ర పట్టుకుని బావి దాకా పోతా" అని ఒక మనిషి గర్వంగా నీకు చెప్తుంది, అదే మాట ఇంకెవరి చెవినో పడితే పర్సంటేజీ నలభై కిందకి జారి పింఛను పోతుందని ఆమె భయం. కాబట్టి సచివాలయం సిబ్బందిని వెంటేసుకుని వెళ్లకు. సదరం నంబరు, ఆధార్, పర్సంటేజీ ఏదీ రాసుకోకు, నీ టాపిక్‌కి వాటితో పని లేదు. నువ్వు ఏ ఆఫీసు నుంచీ రాలేదని, నీవల్ల పింఛను రాదు, పోదు అని మొదటి నిమిషంలోనే చెప్పు. పింఛను రాదు అన్నది కూడా చెప్పాలి, ఎందుకంటే కొందరు ఆ ఆశతోనే గంటలు మాట్లాడతారు.

నువ్వు కనిగిరి పిల్లవి కాబట్టి నీకు ఇది తెలియకుండా ఉండదు. మన నేల మీద పరిశోధనలకు కొదవ లేదు. నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోతున్నాయని 1937లోనే షార్ట్ అనే డాక్టరు బృందం ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాసింది, దేశంలో ఈ జబ్బు మొదట తేలింది మన దగ్గరే. అప్పట్లో దర్శి, పొదిలి, కనిగిరి అన్నీ నెల్లూరు జిల్లాలోవి, 1970లో ఒంగోలు జిల్లా చేశాక ఇటొచ్చాయి. దాదాపు తొంభై ఏళ్లుగా మన పళ్లు చూశారు, ఎక్స్‌రేలు తీశారు, లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిందా లేదా అని బోర్లన్నీ కొలిచారు. మంచిదే, కొలవాల్సిందే. కానీ నడుం వంగిపోయిన పెద్దాయన ఆర్టీసీ బస్సు మెట్టు ఎలా ఎక్కుతాడు, మెడ తిప్పలేని ఆమె పొయ్యి దగ్గర ఎలా కూర్చుంటుంది, గారపళ్లు చూసి ఎన్ని సంబంధాలు వెనక్కి పోయాయి, ఇవి ఆ తొంభై ఏళ్ల కాగితాల్లో వెతికితే ఎంత దొరుకుతాయో నువ్వే చూసుకో. కుదిరితే నీ మొదటి అధ్యాయం అక్కడి నుంచే రాయి.

సంస్థల కాగితాలూ అంతే, నడిపినవాళ్ల చేతివే ఉంటాయి. కావలిలో బ్రిటిష్ కాలంలో, కొన్ని తెగలవాళ్లు పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసిన నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను ఉంచిన సెటిల్‌మెంటుండేది, అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. 1871లో మొదట వచ్చిన ఆ చట్టం దేశమంతటా 1952లో గానీ పోలేదు. వైకల్యానికీ దానికీ సంబంధం ఏమిటంటావేమో. హాజరు పిలవడం, బయటికి పోవడానికి పాసు, మీ మంచికేనన్న మాట, ఇవన్నీ నువ్వు వినబోయే కథల్లోనూ ఉంటాయి. ఆ సెటిల్‌మెంటు నడిపినవాళ్ల నివేదికలు లైబ్రరీల్లో దొరుకుతాయి, లోపల పెరిగినవాళ్ల మాటలు మాత్రం వాళ్ల మనవళ్ల దగ్గర అడగాల్సిందే. నీ హోముల విషయంలోనూ కాగితాలు వెతుకు, కాకపోతే ఎవరి కాగితం ఎవరు అడగాలో చూసుకో. తనిఖీ రిపోర్టులు, గ్రాంట్లు సమాచార హక్కు కింద నువ్వు అడగొచ్చు. ఒక మనిషి సొంత కేస్ ఫైలు మాత్రం ఆ మనిషే అడగాలి, మానసిక వైద్యం పొందినవాళ్లకు తమ రికార్డు చూసుకునే హక్కు 2017 చట్టంలోనే ఉంది. తన గురించి వాళ్లేం రాశారో చదివాక ఒక్కోసారి ఇంటర్వ్యూ అంతా తలకిందులవుతుంది, కాబట్టి చదివే రోజు పక్కన ఎవరైనా ఉండేలా చూడు.

వేరే దేశాల్లో ఇది ఎంత దూరం వెళ్లిందో కూడా చూసుకో. కెనడాలో ఒంటారియో రాష్ట్రంలో హ్యురోనియా అని బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల పెద్ద సంస్థ, 1876 నుంచి 2009 దాకా నడిచింది. అందులో పెరిగినవాళ్లే కోర్టుకెక్కారు, 2013లో ప్రభుత్వం పరిహారానికి ఒప్పుకుని, ఆ డిసెంబరులో శాసనసభలో క్షమాపణ చెప్పింది. తర్వాత వాళ్లే పరిశోధకులతో కలిసి ఆ చోటు చరిత్ర చెప్పుకున్నారు. న్యూజిలాండ్‌లో ప్రభుత్వ, చర్చి సంరక్షణలో జరిగిన హింస మీద 2018లో రాయల్ కమిషన్ (ప్రభుత్వం వేసే విచారణ సంఘం) వేశారు, 2024లో నివేదిక, ఆ నవంబరులో ప్రధాని క్షమాపణ. మన పక్కన తమిళనాడులో ఏర్వాడి మానసిక రోగుల ఆశ్రమంలో 2001 ఆగస్టు 6న గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో పోయారు, అందరికీ ఆ అంకె గుర్తుంది. మంట అంటుకోని మామూలు రోజున ఆ షెడ్డులో పొద్దు ఎలా గడిచేదో మనలో ఎంతమందికి తెలుసు? కాకపోతే న్యూజిలాండ్ కమిషన్‌కి లాయర్లు, కౌన్సెలర్లు, ప్రభుత్వ డబ్బు ఉన్నాయి. నీ దగ్గర ఒక ఫోనూ ఒక నోట్‌బుక్కూ ఉన్నాయి. గాయం తెరిచి కట్టు కట్టలేని చోట తెరవకూడదు.

అందుకే ప్రశ్నలు చిన్నవి పెట్టుకో. "మిమ్మల్ని వేధించారా?" అని మొదలుపెడితే మనిషి మూసుకుపోతుంది, లేదా నీకేం కావాలో కనిపెట్టి అదే చెప్తుంది. తెల్లారి ఎవరు లేపేవాళ్లు, ఎలా లేపేవాళ్లు? తాళం చెవులు ఎవరి నడుముకి ఉండేవి? కట్టుకునే బట్టలు మీవేనా, కుప్పలోంచి చేతికి దొరికినవా? ఇంటి నుంచి ఉత్తరం వస్తే ముందు ఎవరు చదివేవాళ్లు? సంక్రాంతికి ఎవరి కోసమూ ఎవరూ రాకపోతే ఆ మిగిలిపోయినవాళ్లు ఏం చేసేవాళ్లు? రాత్రి ఒంటికి వెళ్లాలంటే? ఎవరైనా చనిపోతే మిగతావాళ్లకు ఏమని చెప్పేవాళ్లు? ఇలా రోజు గురించి అడుగుతూ పోతే పెద్ద విషయం ఉంటే అదే వస్తుంది, వాళ్లు రానిచ్చినంత మేర వస్తుంది. ఇంకో సంగతి, మంచి కూడా వస్తుంది, దాన్ని కత్తిరించకు. నాకు చదువొచ్చింది ఆ హాస్టల్లోనే, నా ప్రాణ స్నేహితురాలు దొరికింది అక్కడే, ఆదివారం రేడియోలో నాటకం వింటూ మేం నవ్విన నవ్వులు నేనెవరికీ ఇచ్చుకోను. ఆ చోటంటే కోపమూ ఉంది, ఆ చోటు లేకపోతే నేను లేననీ తెలుసు. రెండూ ఒకే పేజీలో రాయగలిగితే రాయి, లేకపోతే ఈ టాపిక్ వద్దు.

ఒక కష్టమైన విషయం ముందే చెప్పుకోవాలి. పద్దెనిమిది ఏళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందనో జరగబోతోందనో నీకు తెలిస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం నువ్వు పోలీసులకు చెప్పి తీరాలి, "రహస్యంగా ఉంచుతాను" అని మాటిచ్చానంటే కుదరదు. అందుకే మాట్లాడబోయే ముందే, అంగీకారం తీసుకునేటప్పుడే, ఇలాంటిది చెప్తే నేను దాచలేను అని వాళ్లకు తెలియాలి. అప్పుడు ఏం చెప్పాలో ఎంత చెప్పాలో వాళ్లు నిర్ణయించుకుంటారు. 1098 పిల్లల హెల్ప్‌లైన్, 14416 టెలీమానస్ (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్), ఈ రెండు నంబర్లు ఒక చీటీ మీద రాసి అందరికీ ఇవ్వు.

పేరు మార్చేస్తే మనిషి దాగిపోతాడనుకోకు. "కనిగిరి మండలంలో ఒక ఊరు, చూపు లేని సంగీతం టీచరు, భార్యకు పోలియో" అని రాస్తే జిల్లా అంతా గుర్తుపడుతుంది. ఊరు మార్చు, ఉద్యోగం మార్చు, ఇద్దరి వివరాలు కలిపెయ్, ఆ మార్పులు కూడా వాళ్లను అడిగే చెయ్. కొందరు మాత్రం నా పేరు పెట్టే రాయి, నాకేం భయం అంటారు. అప్పుడు పెట్టు. కాకపోతే ఒక నెల ఆగి మళ్లీ అడుగు.

మీ బాబాయిని ఇంటర్వ్యూ చేయకు. ఆయన లేచి వెళ్లిపోవడమే ఆయన జవాబు, అది నీకు అర్థమైంది కూడా, కాకపోతే థీసిస్ ఆశ. నాకొక అనుమానం ఉంది, తప్పైతే తీసి పడెయ్. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల చదువు మీద జరిగిన సభ తర్వాత ప్రపంచంలో చాలా బధిరుల బడుల్లో చేతులతో మాట్లాడనివ్వకుండా నోటితోనే పలకమని దశాబ్దాల పాటు పట్టుబట్టారు, మన దగ్గరా ఆ పద్ధతి నడిచింది. ఆయన హాస్టలు అలాంటిదో కాదో తెలియదు, కానీ మీ ఇంట్లో ఆయన చేతుల భాష ఎవరికైనా వచ్చా? నీకొచ్చా? రాకపోతే పదేళ్ల కథ ఆయన నీకు ఏ భాషలో చెప్పాలి? వెళ్లి నేర్చుకో, ఆయనతో క్రికెట్ గురించి, కోడి కూర గురించి మాట్లాడు. హాస్టల్ సంగతి ఆయన ఎప్పటికీ ఎత్తకపోయినా నీకు నష్టం లేదు.

డబ్బు ఇవ్వొచ్చా అంటే, ఇవ్వాలి. చీమకుర్తి గ్రానైట్ పాలిష్‌లోనో పొగాకు గ్రేడింగ్‌లోనో కూలికి పోయే మనిషి నీకోసం సగం రోజు కూర్చుంటే ఆ సగం రోజు కూలి, రానుపోను ఆటో ఖర్చు, తోడొచ్చినవాళ్ల ఖర్చు నీవే. అందరికీ ఒకే లెక్క, ముందే చెప్పు, మధ్యలో లేచి వెళ్లిపోయినా ఇచ్చెయ్. హోమ్‌లో ఉన్నవాళ్ల డబ్బు మేనేజరు చేతికి ఇవ్వకు. ఫెలోషిప్‌లో చాలకపోతే మనుషుల సంఖ్య తగ్గించు.

సంఖ్య అంటే మీ గైడు గారు గుర్తొచ్చారు. యాభై మందికి తలా పావుగంట ఇచ్చి టిక్కులు పెట్టించుకునేకన్నా ఎనిమిది మందితో విడతలు విడతలుగా కూర్చుంటే ఎక్కువ తెలుస్తుందని ఆయనకి నోటితో చెప్పకు, రాసివ్వు. అందులో 6వ సెక్షన్ పెట్టు. హాస్టల్లో పెరిగిన ఇద్దరిని సలహాదారులుగా పెట్టుకుంటానని, ప్రశ్నలు ముందు వాళ్లకే చూపిస్తానని, రాసినదాన్ని మాట్లాడినవాళ్లకు చదివి వినిపించి వద్దన్నది తీసేస్తానని రాయి. ఆ సలహాదారులకూ గౌరవ వేతనం రాయి, ఉత్తి ధన్యవాదాలు వద్దు. ఆయన కాదంటే ప్రశ్నావళి ఒక అధ్యాయానికి చాలని బేరం పెట్టు, పెద్దవాళ్లతో అంతమాత్రం సర్దుబాటు తప్పదులే.

రాసిన ఉత్తరం కావాలంటే నాకు పంపు, చూసి దిద్దుతా. ఇంకొకటి మర్చిపోయేదాన్ని. మాట్లాడే చోటు వాళ్ల ఇల్లూ కాకుండా, హోమూ కాకుండా, కింది అంతస్తులో చూడు. ర్యాంపు ఉందో లేదో ఫోన్లో అడిగితే అందరూ ఉందనే చెప్తారు, నువ్వే వెళ్లి చూడు, బాత్రూము తలుపు వీల్‌ఛైర్ పట్టేంత ఉందో టేపుతో కొలుచుకో. ఒంగోలులో చాలా సంఘాల ఆఫీసులు మేడ మీదే ఉన్నాయి, అక్కడ మాత్రం పెట్టకు.